30×40 సైట్‌లో కొండ పైన్: ముగో పోయింది, చిర్ నిలబడింది

బెంగళూరులో మా ఇంటి ముందు ముగో, చిర్ అనే రెండు రకాల పైన్ చెట్లు పెంచి చూసిన డైరీ ఇది. ఎవరైనా చూసి చేసుకోడానికి, లేదా చూసి మానుకోడానికి రాస్తున్నా. కొలతలు, ఖర్చులు, చచ్చిన మొక్కల లెక్క అన్నీ ఉన్నాయి. చివర్లో కట్టిన బెడ్ ఫోటోలు అడిగే ముందు మధ్యలో ఉన్న చావులు కూడా చదవండి, పనికొచ్చేది అక్కడే ఉంది.

స్టేజ్ 1: జాగా, చెట్టు ఎంపిక

బెంగళూరు యలహంక వైపు 30×40 అడుగుల సైట్. ఇంటి ముందు పడమటి కాంపౌండ్‌ని ఆనుకుని 18 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఏటవాలు జాగా ఉంది. వాన పడ్డప్పుడల్లా ఎర్రమట్టి జారి గేటు దగ్గర కాలవలోకి పోతుంది. మధ్యాహ్నం రెండు నుంచి పొద్దు గూకే దాకా నేరుగా ఎండ. కావాల్సింది ఏంటంటే, ఏడాదంతా పచ్చగా ఉండాలి, మోకాలెత్తు దాటకూడదు, మట్టిని పట్టుకోవాలి, రోజూ నీళ్ళు అడక్కూడదు.

కాగితం మీద ఇవి దాదాపు అన్నీ ముగో పైన్‌కి ఉన్నాయి. ఆల్ప్స్, కార్పాతియన్, పైరినీస్, బాల్కన్ కొండల్లో పెద్ద చెట్లు ఇంక పెరగలేని ఎత్తులో నేలబారుగా పాకే పొద ఇది. మంచు మీద పడి కొమ్మ వంగినా విరగదు, మంచు కరిగాక మళ్ళీ లేస్తుంది. డెన్మార్క్‌లో, బాల్టిక్ తీరంలో కురోనియన్ స్పిట్ అనే సన్నటి ఇసుక మేట మీద ఇసుక దిబ్బలు కదలకుండా దీన్నే నాటారు. అక్కడి ఇళ్ళ తోటల్లో రాళ్ళ మధ్య బోర్లా పడుకున్నట్టు ఉండే గుండ్రటి పైన్ చూస్తే సగం ఇదే, అందులోనూ 'మాప్స్' లాంటి పొట్టి రకాలు. న్యూజిలాండ్‌లో అయితే కొండల మీద అదుపు తప్పి పాకిపోయి ఇప్పుడు డబ్బులు పెట్టి మరీ పీకిస్తున్నారు, అంత మొండిది. కాకపోతే ఆ మొండితనం చలి మీద, వేడి మీద కాదు.

బెంగళూరు నర్సరీల్లో ముగో మొక్క దొరకలేదు. కొమ్మ కత్తిరింపులతో పైన్ వేళ్ళు పట్టించడం చాలా కష్టం. కాబట్టి ఆన్‌లైన్‌లో గింజలు.

లెక్క: గింజలు 40, ప్యాకెట్ ₹320. పెర్లైట్ (మట్టి గుల్లగా ఉండటానికి కలిపే తేలికైన తెల్ల గుళికలు) ₹180. డిజిటల్ థర్మామీటర్ ₹250. మొత్తం ₹750.

స్టేజ్ 2: ఫ్రిజ్

చల్లటి ప్రాంతపు గింజకి చలికాలం అయిపోయిందని నమ్మకం కలిగించాలి, అప్పుడు అన్నీ ఒకేసారి మొలుస్తాయి.

1. గింజలు ఒక రోజంతా నీళ్ళలో నానబెట్టాలి. మునిగినవి తీసుకోవాలి, తేలినవి పక్కన పెట్టాలి. 33 మునిగాయి.
2. పలచటి హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో కడిగి ఆరబెట్టాలి.
3. చేత్తో పిండితే చుక్క కారనంత తడి ఉన్న ఇసుకలో కలిపి జిప్ కవర్‌లో పెట్టాలి.
4. ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర నెల నుంచి రెండు నెలల దాకా ఉంచాలి.

4 డిగ్రీలు అన్నది ఫ్రిజ్ మీద ఉన్న నాబ్ చూసి చెప్పేది కాదు. థర్మామీటర్ పెట్టి చూస్తే మా ఫ్రిజ్ డోర్‌లో 9 డిగ్రీలు, కూరగాయల ట్రేలో వెనక గోడకి ఆనించి పెడితే 4. అంటే డోర్‌లో పెట్టుకున్నవాళ్ళకి అసలు చలికాలమే రాలేదన్నమాట. మా ఆవిడ "ఏవండీ, కొత్తిమీర కట్ట పక్కన ఇసుక కవరేంటి, తిరగమాతలో వేసెయ్యనా" అని రోజూ అడిగేది. కవర్ మీద స్కెచ్ పెన్‌తో పెద్దక్షరాలు రాసి పెట్టండి, నిజంగానే ఒకసారి చెత్తబుట్ట అంచు దాకా వెళ్ళింది.

స్టేజ్ 3: మొలకలు, ఆ తర్వాత నారు కుళ్ళు

26 మొలిచాయి. అందులో 5 పైన్ కానే కావు. ఎలా తెలిసిందంటే, పైన్ మొలక నేల పైకి వచ్చేటప్పుడు గింజ పెంకుని నెత్తిన టోపీలా మోసుకొస్తుంది, ఆ టోపీ రాలాక లోపల నుంచి నాలుగైదు, ఒక్కోసారి ఆరేడు సన్నటి ఆకులు గొడుగు పుల్లల్లా చుట్టూ విచ్చుకుంటాయి. ఆ 5 మొలకలకి ఎదురెదురుగా రెండే ఆకులు వచ్చాయి, తూజా లాంటి అలంకరణ పొదలకి అలా వస్తుంది. అమ్మినవాడు కలిపేశాడు. ఇంకో మాట, మొదటి నెలల్లో వచ్చే సూదులు, అంటే పైన్ ఆకులు, ఒక్కొక్కటిగా నీలం చాయలో ఉంటాయి. ముగోకి జంటగా రెండేసి సూదులు ఉండాలి కదా అని అప్పుడే లెక్క పెట్టి కంగారు పడొద్దు, ఆ జంటలు తర్వాత వస్తాయి.

మిగిలినవి 21. మొదటి మిక్స్ సగం కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), సగం పెర్లైట్. పొద్దున చూస్తే నిలబడి ఉన్న మొలక సాయంత్రానికి మొదట్లో దారంలా సన్నబడి పక్కకి ఒరిగి ఉండేది. పైన ఆకు పచ్చగానే ఉంటుంది, కింద కాడ చచ్చిపోయి ఉంటుంది. ఇది నారు కుళ్ళు, మిరప నారు, పొగాకు నారు పోసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. నీళ్ళు తగ్గించినా ఆగలేదు, ఎందుకంటే కోకోపీట్ పైన పొడిగా కనిపిస్తుంది కానీ అంగుళం లోపల తడి బట్టలా ఉంటుంది.

మార్చింది:

1. కోకోపీట్ పూర్తిగా తీసేశా.
2. బేబీ జల్లి, అంటే ఇక్కడ 6 ఎంఎం కంకరని అలాగే అంటారు, దాన్ని జల్లెడ పట్టి 3 నుంచి 6 ఎంఎం ముక్కలు మాత్రం తీసుకున్నా. రెండు పాళ్ళు ఇది, ఒక పాలు ఇటుక ముక్కలు, ఒక పాలు పెర్లైట్, ఒక పాలు ఆకు ఎరువు.
3. ట్రైకోడెర్మా (కుళ్ళు తెచ్చే బూజుని అణిచే మేలు బూజు) కలిపిన నీళ్ళు ఒకసారి.
4. ట్రే కింద నుంచి నీళ్ళు పట్టడం, పైన పొయ్యకపోవడం. చిన్న యూఎస్‌బీ ఫ్యాన్ దూరంగా.

డ్రైనేజీ టెస్ట్: పాత మిక్స్ కుండీలో అర లీటరు పోస్తే పైన నీళ్ళు నిమిషం పైగా నిలబడ్డాయి. కొత్త మిక్స్‌లో పోస్తుండగానే కింద నుంచి కారాయి.

లెక్క: పైన్ మొలకలు 21, నారు కుళ్ళు తర్వాత 9. ట్రేలు ₹120, ట్రైకోడెర్మా ₹110. మొత్తం ₹980.

స్టేజ్ 4: నీళ్ళు

9 మొక్కలూ లేత పసుపు అయ్యాయి. కొత్త సూదులు పసుపు, పాతవి పచ్చ. ఇలా పై నుంచి పసుపు దిగుతుంటే సాధారణంగా ఐరన్ అందట్లేదని. మట్టిలో ఐరన్ లేక కాదు, పీహెచ్ (పులుపు, క్షారం కొలత) ఎక్కువై వేరు తీసుకోలేక. పైన్‌కి 5.5 నుంచి 6.5 మధ్య బావుంటుంది. మా బోర్ నీళ్ళ పీహెచ్ 7.9.

ఇక్కడ చాలామంది టీడీఎస్ మీటర్ కొని అదే చూస్తుంటారు. టీడీఎస్ చెప్పేది మొత్తం కరిగిన లవణాలు. మొక్కకి తలనొప్పి అందులో ఒకటైన బైకార్బొనేట్‌తో, పీహెచ్‌ని దిగనివ్వనిది అదే. దానికి అక్వేరియం షాపులో దొరికే కేహెచ్ టెస్ట్ కిట్ సరిపోతుంది, చుక్కలు వేసి రంగు మారేదాకా లెక్కపెట్టాలి. మాది 14 డిగ్రీలు వచ్చింది, అంటే కాల్షియం కార్బొనేట్ లెక్కలో లీటరుకి సుమారు 250 మిల్లీగ్రాములు. ఈ నీళ్ళు పోస్తూ పోతే ఎంత మంచి మిక్స్ అయినా కొన్నాళ్ళకి సున్నం వైపు వెళ్ళిపోతుంది.

చేసింది:

1. వాన నీళ్ళు ఉన్నంత కాలం అవే. బెంగళూరులో 30×40 సైట్లో కొత్త ఇల్లంటే వాన నీటి సేకరణ ఎలాగూ తప్పనిసరి, సంపులో పట్టిన ఆ నీళ్ళని కార్లు కడగడానికి కాకుండా దీనికి దాచుకోవాలి.
2. అవి అయిపోతే 20 లీటర్ల బకెట్ బోర్ నీళ్ళకి 5 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్). మీటర్‌లో 6.4కి దిగింది. మీ నీళ్ళకి ఇదే కొలత పనికిరాదు, మీ కేహెచ్ చూసుకుని గ్రాము గ్రాము వేసి కొలవండి.
3. చెలేటెడ్ ఐరన్, అంటే మొక్క తేలిగ్గా తీసుకునే రూపంలో ఉన్న ఐరన్, ఒకసారి సూదుల మీద స్ప్రే.

వారాల్లో కొత్త సూదులు పచ్చబడ్డాయి. పసుపు పడిన పాతవి మాత్రం అలాగే ఉండిపోయాయి.

లెక్క: పీహెచ్ మీటర్ ₹650, కేహెచ్ కిట్ ₹450, నిమ్మ ఉప్పు ₹60. మొత్తం ₹2,140. మొక్కలు 9.

స్టేజ్ 5: ఏప్రిల్, ఆ తర్వాత సెప్టెంబర్

ఏప్రిల్‌లో గాలి 35 డిగ్రీలు. అది అసలు సమస్య కాదు. పిట్టగోడ మీద ఉన్న నల్ల ప్లాస్టిక్ కుండీలో, పడమటి వైపు అంచు నుంచి అంగుళం లోపల థర్మామీటర్ గుచ్చితే సాయంత్రం నాలుగింటికి 46. వేళ్ళన్నీ తిరిగేది సరిగ్గా ఆ అంచు దగ్గరే. 40 దాటితే చాలా మొక్కల వేళ్ళు దెబ్బ తింటాయి. పైన ఏమీ కనపడదు, పది రోజులకి సూదుల కొనలు గోధుమ రంగు తిరుగుతాయి, అప్పటికి వేరు పోయి చాలా రోజులయింది.

కుండీలకి తెల్ల పెయింట్ వేస్తే 46 కాస్తా 40కి వచ్చింది. పెద్ద మట్టి కుండీలో ఇసుక పోసి దాని మధ్యలో చిన్న కుండీ దింపితే 34. పైన 50 శాతం షేడ్ నెట్ వేస్తే 32. వీటన్నిటిలో ఎక్కువ పని చేసింది కుండీలో కుండీ, ఖర్చు లేనిది కూడా అదే. 9లో 6 మిగిలాయి.

సెప్టెంబర్ బెంగళూరుకి వానలు బాగా కొట్టే నెల. కంకర మిక్స్ కాబట్టి నీళ్ళు నిలవవని ధైర్యం, నిలవలేదు కూడా, కానీ ఆరలేదు. వంటింటి త్రాసు మీద రోజూ కుండీ తూచి రాసుకున్నా, మార్చిలో నీళ్ళు పోసిన మర్నాటికి 110 గ్రాములు తగ్గే కుండీ సెప్టెంబర్‌లో 15 గ్రాములు కూడా తగ్గలేదు. రాత్రి 20 డిగ్రీలు, వేరు చుట్టూ తడి, ఈ రెండూ కలిస్తే వేరు కుళ్ళుకి పండగ. చచ్చిన మొక్కని తీసి వేరుని రెండు వేళ్ళతో పట్టుకుని లాగితే పైన గోధుమరంగు తొక్క ఊడి చేతికొచ్చింది, లోపల తెల్ల దారం లాంటి నడుము మాత్రం మొక్కకి వేలాడుతూ ఉంది. ఈ గుర్తు కనిపిస్తే మందు కోసం పరిగెత్తక్కర్లేదు, అయిపోయినట్టే.

6లో 2 మిగిలాయి.

ఆ రెండూ కూడా చలికాలం తర్వాత మొండికేశాయి. కొన మొగ్గ గట్టిపడింది కానీ విచ్చుకోలేదు. విచ్చుకున్న ఒక కొన కూడా ఏడాదికి 1.2 సెంటీమీటర్లు. ఇలాంటి చలి దేశపు చెట్లకి మొగ్గ నిద్ర లేవాలంటే కొన్ని వారాల పాటు 7 డిగ్రీల లోపు చలి తగలాలి. బెంగళూరు జనవరి రాత్రులు సగటున 15 డిగ్రీలు. ఈ ఊరి రికార్డుల్లోనే అతి తక్కువ 7.8, అదీ 1884 జనవరిలో. అంటే ఊరి చరిత్రలో అతి చల్లటి రాత్రి కూడా ముగోకి సరిపోదు! షేడ్ నెట్, నిమ్మ ఉప్పు, కంకర, ఏది చేసినా ఈ ఒక్క లెక్క మారదు. సిమ్లా, మనాలి వైపు ఇల్లున్నవాళ్ళు హాయిగా పెట్టుకోండి. బెంగళూరు, హైదరాబాద్, చెన్నైలో వద్దు, బోన్సాయ్‌గా కూడా వద్దు.

లెక్క: షేడ్ నెట్ ₹540. మొత్తం ₹2,680. ముగో మొక్కలు 2.

స్టేజ్ 6: మారు చెట్టు వెతకడం

బెంగళూరులో పైన్ అని అడిగితే సగం చోట్ల అరకేరియా చూపిస్తారు, లాల్‌బాగ్‌లో నిలువుగా పైకెళ్ళే ఆ అంతస్తుల చెట్లు, క్రిస్మస్ ట్రీ అని అమ్మేది. ఒక నర్సరీలో అయితే "హిమాలయన్ పైన్ సార్, ఫారిన్ వెరైటీ" అని సరుగుడు మొక్క చూపించాడు. చీరాల ఒడ్డున సరుగుడు తోపుల్లో క్రికెట్ ఆడి పెరిగినవాణ్ణి, నాకే సరుగుడు ఫారిన్ అని అమ్ముతాడా. "బాబూ, ఇది మా ఊళ్ళో పొయ్యిలోకి వాడతాం" అంటే నవ్వేసి రేటు సగం చేశాడు, పేరు మాత్రం మార్చలేదు.

గుర్తు పట్టడం తేలిక:

1. ఒక సూదిని రెండు చేతులా పట్టుకుని లాగండి. కణుపు కణుపుగా ఊడితే సరుగుడు.
2. కొమ్మ చుట్టూ పొలుసుల్లా, ముళ్ళలా ఆకులు అంటుకుని ఉంటే అరకేరియా.
3. రెండో మూడో అయిదో సూదులు ఒక కట్టగా, మొదట్లో కాగితం లాంటి చిన్న తొడుగుతో ఊడి వస్తే పైన్.

నేను తీసుకున్నది చిర్ పైన్. మూడేసి సూదులు, ఒక్కోటి 20 నుంచి 35 సెంటీమీటర్లు. హిమాలయాల కింది వరసల్లో 500 మీటర్ల నుంచి 2,000 మీటర్ల దాకా పెరుగుతుంది. బెంగళూరు 920 మీటర్లు, ఆ హద్దుల్లోనే పడుతుంది. అక్కడ వేసవి ఎండ, వర్షాకాలం రెండూ చూసిన చెట్టే కాబట్టి మంచు లేకపోతే అలగదు. దీని శాస్త్రీయ నామం పైనస్ రాక్స్‌బర్గీలో ఉన్న రాక్స్‌బర్గ్ ఎవరో కాదు, 1780ల్లో మన సామర్లకోటలో ఉండి మొక్కల మీద పని చేసిన ఈస్ట్ ఇండియా కంపెనీ డాక్టర్.

రెండు హెచ్చరికలు. ఒకటి, వదిలేస్తే ఇది 30 మీటర్లు దాటే చెట్టు, కాంపౌండ్‌కి 4 అడుగుల్లో నేలలో పెట్టేది కాదు. రెండు, రాలిన సూదుల్లో జిగురు ఉంటుంది, ఉత్తరాఖండ్ అడవుల్లో ఎండాకాలం మంటలు అంత తేలిగ్గా పాకడానికి ఈ ఎండు సూదుల పరుపే ఒక కారణం. జనరేటర్ పక్కన, చెత్త కాల్చే చోట వద్దు.

గ్రో బ్యాగ్ చించి చూస్తే మూడింటిలో రెండిటికి తల్లి వేరు అడుగున చుట్టలు చుట్టుకుని ఉంది. చుట్టని వదిలేస్తే నాలుగైదేళ్ళకి అదే చెట్టు మెడకి ఉరి. చుట్ట మొదలయ్యే చోట పదునైన కత్తెరతో ఒకే కోత. కోసినవి నెల పాటు డల్‌గా ఉండి తర్వాత కోలుకున్నాయి.

స్టేజ్ 7: బెడ్ కట్టడం

ముందు ఇంకుడు టెస్ట్. అడుగు లోతు గొయ్యి, ఒకసారి నీళ్ళు నింపి ఇంకనిచ్చి, మళ్ళీ నింపి గంట చూడాలి. 1.5 సెంటీమీటర్లు దిగింది. 2.5 కన్నా తక్కువైతే నేల మట్టంలో పైన్ పెట్టొద్దు, మట్టి పైకి లేపండి.

72 చదరపు అడుగుల మీద అడుగు ఎత్తు అంటే 72 ఘనపుటడుగులు:

1. ఉన్న ఎర్రమట్టి తవ్వి 36.
2. బేబీ జల్లి 22.
3. ఆకు ఎరువు, పాత కంపోస్ట్ కలిపి 14.

మేస్త్రి కదిరి మనిషి. "సార్, ఇంత జల్లి యేస్తే ఇంక మట్టి ఏముంటాది సార్, రోడ్డేస్తాండామా?" అన్నాడు. వాన పడ్డాక అతనే వచ్చి చూసి "నీళ్ళు నిలబడల్యా" అని వెళ్ళాడు. పక్క సైట్లో పునాది తవ్వితే వచ్చిన గ్రానైట్ బండలు ఊరికే దొరికాయి. బండని నేల మీద పెట్టకుండా మూడో వంతు లోపలికి పూడ్చాలి, కొంచెం వెనక్కి వాల్చాలి, అప్పుడే ఏటవాలు మట్టి ఆగుతుంది, చూడ్డానికి కూడా కొండలా ఉంటుంది.

చిర్ మూడూ రెండడుగుల సిమెంట్ తొట్లలో, తొట్టి సగం వరకు బెడ్‌లో పూడ్చి. అడుగున అదనంగా కన్నాలు కొట్టించా. మట్టిని పట్టుకునే పని తొట్టిలో చెట్టు చెయ్యలేదు కాబట్టి ముందు వరసలో పాకే జూనిపర్ (నేలబారుగా పెరిగే పచ్చటి పొద) 5. నిజానికి ముగో ఇవ్వాల్సిన గుండ్రటి దిబ్బ రూపం ఇప్పుడు ఈ జూనిపర్ ఇస్తోంది, పైన్ రూపం వెనక చిర్ ఇస్తోంది, ఒక చెట్టు పని రెండు చెట్లు పంచుకున్నాయి.

మట్టిలో మైకోరైజా తప్పనిసరి, అంటే వేళ్ళని అల్లుకుని వాటికి నీళ్ళు, పోషకాలు అందించే బూజు. వేడి దేశాల్లో తొలినాళ్ళ పైన్ తోటలు కొన్ని ఈ బూజు లేకే ఎదగలేదు, ప్యూర్టోరికోలో పైన్ అడవుల మట్టి తెచ్చి కలిపాకే చెట్లు లేచాయి. తెలిసినవాళ్ళ ఫామ్‌లో పాత పైన్ కింద నుంచి రెండు దోసిళ్ళ మట్టి తెచ్చి వేరు చుట్టూ చల్లా. తర్వాత ఒక పక్క గీకి చూస్తే చిన్న వేళ్ళ కొనలు ఇంగ్లీషు వై అక్షరంలా రెండుగా చీలి తెల్లటి నూగుతో ఉన్నాయి. అది కనిపించాక ఎరువు గురించి ఆలోచించడం మానేశా.

లెక్క: జల్లి ₹1,320, ఆటో ₹700, కంపోస్ట్ ₹600, మేస్త్రి, హెల్పర్ ₹1,900. చిర్ 3కి ₹1,350, జూనిపర్ 5కి ₹1,400, తొట్లు ₹1,950. మొత్తం ₹11,900.

స్టేజ్ 8: పొట్టిగా ఉంచడం

ఫిబ్రవరి, మార్చిలో కొనల నుంచి కొవ్వొత్తుల్లా లేత చిగుళ్ళు లేస్తాయి, వాటిని క్యాండిల్స్ అనే అంటారు.

1. రెండు మూడు అంగుళాలు ఉండి, సూదులు ఇంకా విడిపోని దశలో పట్టుకోవాలి.
2. వేళ్ళతోనే తుంచాలి. కత్తెర పెడితే లోపలి సూదులు కూడా తెగి కొనలు ఎర్రబడతాయి.
3. నడి కొనది మూడింట రెండు వంతులు, పక్కవి సగం తుంచెయ్యాలి.
4. సూదులు లేని ముదురు కొమ్మ దాకా కొట్టొద్దు, అక్కడ నుంచి చాలా పైన్‌లు మళ్ళీ చిగురించవు. చిర్ చిన్న వయసులో కొంచెం దయ చూపిస్తుంది కానీ దాని మీద ఆధారపడొద్దు.

ఒక చెట్టు క్యాండిల్స్ తుంచకుండా పోలిక కోసం వదిలేశా. ఆ సీజన్ చివరికి అది 41 సెంటీమీటర్లు పెరిగింది, తుంచినవి 13, 16. పక్క కొమ్మలు కిందకి దించడానికి మొదట రాళ్ళు వేలాడదీస్తే గాలికి ఊగి బెరడు ఒరుసుకుపోయింది. ఇప్పుడు మేకుకి కట్టిన తీగ, కొమ్మ తగిలే చోట పాత సైకిల్ ట్యూబ్ ముక్క.

రూపం గురించి ఒక మాట. అడుగు పొడవు సూదులతో ఇది ముగోలా బిగువైన బంతి ఎప్పటికీ అవ్వదు. వేలాడే జుట్టుతో వదులుగా ఉంటుంది, గాలి వీస్తే బాగుంటుంది. బిగువు కావాలంటే జూనిపర్ దగ్గర ఆగిపోండి, ఖర్చు కూడా సగం.

లెక్క: తీగ, మేకులు ₹350. మొత్తం ₹12,250. చిర్ 3, జూనిపర్ 4, ఒకటి పక్కింటి కుక్క తవ్వేసింది. ముగో 2, ఉత్తరం బాల్కనీలో.

మిగిలిన పని: జూన్ లోపు గేటు వైపు రెండు బండల మధ్య మట్టి కారుతున్న సందు పూడ్చాలి, పోయిన జూనిపర్ చోట కొత్తది పెట్టాలి, తుంచకుండా వదిలిన చిర్‌ని కూడా వచ్చే ఫిబ్రవరి నుంచి దారిలో పెట్టాలి. తొట్టిలో వేళ్ళు ఎంత నిండాయో మూడో ఏడు ఒకటి పైకి లేపి చూసి, ఆ కొలతలు ఇదే డైరీలో రాస్తా.